సగంలో ఆగిన వేదపాఠం

గద్వాలలోని మిషన్ బడిలో ఎస్తేరమ్మ రెండో తరగతి టీచరు. రోజూ చివరి పీరియడ్ వేదపాఠం, అంటే బైబిలు కథలు. తరగతిలో సగానికి పైగా మగ్గాలు నేసే హిందువుల ఇండ్ల పిల్లలే అయినా ఆ పాఠానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. మంచి మాటలే కదా అని పంపేవాళ్లు. ఎస్తేరమ్మ కథ చెప్తుంటే గోల చేసే పిల్లలు కూడా నోళ్లు తెరుచుకుని కూర్చునేవాళ్లు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అందుకే ఇంకాస్త బాగా చెప్పేది.

ఎనభై ఎనిమిదిలో, వానలు దంచికొట్టిన రోజుల్లో, ఒక సోమవారం ఆమె ముసలి భక్తుడి కథ ఎత్తుకుంది. దేవుడు ఆయన్ను పరీక్షించాలనుకున్నాడు. నీకు ప్రాణమైన బిడ్డను నాకు బలి ఇమ్మన్నాడు. తండ్రి పొద్దున్నే లేచి, ఎక్కడికో ఎందుకో చెప్పకుండా కొడుకును వెంటబెట్టుకుని కొండకు పోయాడు. అక్కడ వాణ్ణి కట్టేశాడు. కత్తి తీశాడు. ఎస్తేరమ్మ చేతిలోని చెక్క స్కేలు పైకి లేచింది.

సరిగ్గా అప్పుడే గంట కొట్టారు.

"మిగిలింది రేపు చెప్త. పోండి, వానొచ్చేటట్టుంది" అంది.

పిల్లలంతా ఉరికారు. ముందు వరసలో నాగమణి ఒక్కతే కదల్లేదు. "ఇంటికి పోవా బిడ్డా?" అని అడిగితే సంచీ తీసుకుని మెల్లగా లేచి పోయింది.

మంగళవారం హాజరు వేస్తుంటే నాగమణి నాయనమ్మ అనంతమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది.

"పిల్ల ఇయ్యాల రాదు టీచరమ్మా. అమ్మా నాయన బీచుపల్లి గుడికి తీస్కపోయిండ్రు. పోయినేడు జ్వరమొచ్చి దవాఖానల పడుండె గదా, అప్పుడు మా కొడుకు కురుమూర్తి మొక్కుకుండు, బతికితే ఎంట్రుకలిస్తనని."

"మంచిదవ్వా."

"ఏం మంచిదో. పొద్దుగాల ఒకటే ఏడుపు. దేవునికి నన్నిస్తున్నరా, నాయన సంచిల కత్తి పెట్టిండా అంటది. టెంకాయ కొట్టనీకె కత్తి పెట్టుకుండు, పెట్టుకోడా? కాళ్లు పట్టుకొని గుంజి బస్సెక్కించిండ్రు. ఏం సోకిందో ఏమో."

ఎస్తేరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. నాయన. పొద్దున్నే ప్రయాణం. కత్తి. దేవుడికి ఇవ్వడం. ఆమె ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి ఆ పిల్ల ఒక్కతే కథను ముందుకు నడిపిస్తోంది.

హెడ్మాస్టర్ జయరాజు సారుకు విషయం చెప్పింది. "పిల్లలు సాయంత్రానికి మర్చిపోతరమ్మా" అన్నాడాయన. ఆమె వినలేదు. సెలవు చెప్పి బస్టాండుకు నడిచింది. ఎర్రవల్లి చౌరస్తాలో ఇంకో బస్సు ఎక్కేదాకా ఒకటే ఆలోచన. మంగలాయన కత్తుల పొది విప్పుతాడు. కత్తి బయటికి తీస్తాడు. అప్పుడా పిల్ల ఏం చేస్తుంది? గుడి పక్కనే కృష్ణమ్మ.

బస్సు దిగేసరికే రేవు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. మెట్ల మీద నాగమణి తల్లి కౌసల్యమ్మ కూలబడి ఉంది. చేపలోళ్లు ఇద్దరు పుట్టిలో, ఆ గుండ్రటి బుట్టపడవలో, కూర్చుని ఒడ్డు వెంబడి నీళ్లలోకి వెదురు గెడ దించి చూస్తున్నారు. నది ఎర్రగా, నిండుగా పోతోంది. 

"కత్తి తడిపి తల మీద చెయ్యేసిన, అంతే" అని మంగలాయన అందరికీ చెప్తున్నాడు. "చేప లెక్క జారి ఉరికింది."

కురుమూర్తి రుమాలు జారిపోయి, ఒడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ గొంతు చించుకుంటున్నాడు. "నాగమణీ, ఓ నాగమణీ."

ఎస్తేరమ్మ మెట్ల దగ్గరే ఆగింది. ఇంత జనంలో, ఈ దేవుడి ముందర, నా దేవుడి కథ విని మీ బిడ్డ పారిపోయిందని ఎట్లా చెప్పడం? కొడతారేమో. బడి మీదికి వస్తారేమో. చర్చి అయ్యగారిని ఇందులోకి లాగుతారేమో. వెనక్కి తిరిగి బస్సెక్కితే ఎవరికీ తెలియదు. కానీ ఆ తండ్రి పిలిచినకొద్దీ పిల్ల ఇంకా లోపలికి దాక్కుంటుందని ఆమె ఒక్కదానికే తెలుసు.

దగ్గరికి పోయింది. "అన్నా, జర పిలుసుడు ఆపండి."

"నా బిడ్డను నేను పిలువద్దా?"

"మీరు కోస్తరని భయపడ్డది. నిన్న నేను ఒక కథ చెప్పిన. తండ్రి బిడ్డ మీదికి కత్తి ఎత్తే కాడ ఆపిన. మీరు దేవునికి ఇచ్చేది తననే అనుకుంటుంది."

కురుమూర్తి ఆమెను చూసిన చూపుకు పక్కనున్నవాళ్లు ఒకడుగు వెనక్కి వేశారు. "నా బిడ్డకు ఏమన్న అయితే..." అన్నాడు. 

ఎస్తేరమ్మ చెప్పులు విడిచి ఒడ్డు వెంట నడిచింది. పేరు పెట్టి పిలవలేదు. తరగతిలో చెప్పినట్టే గట్టిగా కథ మొదలుపెట్టింది. "అప్పుడేమైంది పిల్లలూ? తండ్రి కత్తి ఎత్తిండు. పైనుంచి దేవదూత కేకేసింది. ఆగు, బిడ్డ మీద చెయ్యి వెయ్యకు అన్నది."  జనం ఈమెకు పిచ్చిపట్టిందా అన్నట్టు చూస్తున్నారు. తుమ్మచెట్ల దాకా పోయింది, చెప్పింది. రాళ్లగుట్ట దాకా పోయింది, మళ్లీ చెప్పింది. నది హోరు తప్ప ఏమీ వినిపించలేదు. ఇక లేదేమోనన్న మాట మనసులోకి వచ్చింది. దాన్ని నెట్టేసి మళ్లీ చెప్పింది.

ఒడ్డు మీద బోర్లించి ఉన్న పాత పుట్టి కింది నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"కోయలేదా?"

ఎస్తేరమ్మ పుట్టి పక్కన బురదలోనే కూర్చుంది. "కోయలేదు బిడ్డా. కట్లు విప్పిండు. ఇద్దరు కలిసి ఇంటికి పోయిండ్రు."

పుట్టి కింది నుంచి పిల్ల మళ్లీ అడిగింది. "మరి దేవుడు ఎందుకడిగిండు?"

వేదపాఠం పుస్తకంలో దానికి జవాబుంది. ఆమె ఎన్నోసార్లు అప్పజెప్పిందే. ఆ పుట్టి ముందు కూర్చుని ఆ జవాబు నోటికి రాలేదు. "నాకు తెల్వదు" అంది.

వెనకే వచ్చిన కురుమూర్తి అంతా విన్నాడు. దగ్గరికి రాలేదు. పుట్టి అంచు సందులోంచి కనపడేంత దూరంలో కూర్చుని మంగలాయనను పిలిచాడు. "ముందుగాల నాది తియ్యి" అన్నాడు. తల వంచాడు. నల్లటి జుట్టు కుప్పగా రాలింది. నెత్తి మీద ఒకచోట తెగి నెత్తురు చిమ్మితే మట్టితో అద్దుకున్నాడు.

"సూడు బిడ్డా, గింతే."

చాలాసేపటికి నాగమణి పాకుతూ బయటికి వచ్చింది, ఒళ్లంతా బురద. తల్లి ఒడిలోకి పోయింది కానీ తండ్రి వైపు పోలేదు. గుండు వద్దులే, మూడు కత్తెరలు తీస్తే స్వామి ఏమీ అనుకోడని పూజారి చెప్పాడు. అట్లాగే చేశారు. కత్తెర చప్పుడైనప్పుడల్లా పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది.

బస్సు కోసం నిలబడినప్పుడు కురుమూర్తి దగ్గరికి వచ్చాడు. "మీరు చెడ్డోళ్లు కాదు టీచరమ్మా. కానీ నా బిడ్డ నన్ను సూసి వణికింది. అది నేను ఎట్ల మర్సిపోవాలె?"



గురువారం నాగమణి బడికి వచ్చింది. చివరి పీరియడ్‌లో ఎస్తేరమ్మ తరగతి ముందు నిలబడింది. పిల్లలంతా నోళ్లు తెరుచుకుని ఆమెనే చూస్తున్నారు. ఎవరింట్లో ఏ మొక్కు ఉందో, ఎవరి నాయన కోపంలో ఏ మాట అన్నాడో, ఆమెకు ఒక్కటీ తెలియదు. 

"టీచర్, ఇయ్యాల కథ లేదా?" అని నాగమణే అడిగింది.

"ఉంది" అంది ఎస్తేరమ్మ. ఏ కథ చెప్పాలో ఇంకా తోచలేదు.