ఆఖరున అక్క ఇల్లు

తప్పంతా బావమరిదిదేనని లారీ డ్రైవరు ఇప్పటికీ అంటాడు. భార్యతో పరాయి దేశం వెళ్ళి చుట్టాలను చూడబోతే, కారు నడిపిన బావమరిది పెట్రోలు కలిసొస్తుందని దగ్గరి ఇళ్ళు ముందు, దూరపువి తర్వాత అని వరస కట్టాడు. పాతికేళ్ళు లారీ తోలినవాడు పొలం కాగితాల సంచి ఒళ్ళో పెట్టుకుని వెనకసీట్లో కూర్చున్నాడు.

"ముందు మా అక్క ఇంటికి పోనీరా. నాన్న పొలంలో తన వాటా నాకే రాసిస్తానంది."

"అక్కయ్య ఎక్కడికి పోతుంది బావా? దారిలో నలుగురున్నారు, చూసి వెళ్దాం."

నలుగురి ఇళ్ళలోనూ కడుపు పగిలేలా తిన్నారు. తిన్నచోటల్లా భార్య ఫోటో దిగి, అక్కతో సహా చుట్టాలందరికీ పంపింది. చివరికి అక్క తలుపు తీసింది. పొయ్యి మీద ఏమీ లేదు.

"ఊరందరి విస్తళ్ళూ అయ్యాక తోబుట్టువు గుర్తొచ్చిందా తమ్ముడూ?"

"అది కాదక్కా, పెట్రోలు..."

"ఓహో. అయితే ఆ పెట్రోలే దున్నుకో."

మంచినీళ్ళిచ్చింది, సంతకం మాత్రం పెట్టలేదు. తిరుగుదారిలో సగం ట్యాంకు మిగిలిందని బావమరిది మురిసిపోయాడు. లారీ డ్రైవరుకు పోయింది డెబ్బై రెండు సెంట్ల మాగాణి.