తల్లీపిల్లా ఒక్కరోజే

జిమ్రాను జ్వరంతో పడకేసినప్పుడు అతని భార్య హోగ్లా దేవుడికి మొక్కుకుంది. "ఈయన లేచి తిరిగితే, వచ్చే నెలపొడుపు పండుగ నాడే మా గొర్రెపిల్లను నీకిచ్చుకుంటాను" అంది. జిమ్రాను లేచాడు. పండుగ నాడు ఆమె పిల్లను భుజాన వేసుకుని, కొండ దిగి, షిలోహులోని దేవుడి గుడారానికి వచ్చింది.

బలిపీఠానికి అవతల యాజకుడు యాకీను పొద్దున కోసిన గొర్రెల తోళ్లు ఆరబెట్టి ఉంచాడు. హోగ్లా పిల్లను కిందికి దించిందో లేదో, అది పరుగెత్తి వెళ్లి ఒక తోలు వాసన చూసి, దాని మీదే పడుకుంది. లేవదీయబోతే ఒకటే అరుపు. తోలు మెడ దగ్గర గోధుమరంగు మచ్చ చూసి హోగ్లా గుర్తుపట్టింది. మొన్నటి కరువులో యవల గింజల కోసం పొరుగూరి వాళ్లకు ఇచ్చేసిన తల్లిగొర్రె అది.

ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయింది.

"అయ్యా, ఈ తోలు దీని తల్లిది."

యాకీను కత్తి దించాడు. "సరిగ్గా చూసి చెప్పమ్మా."

"నా చేతుల్లో ఈనింది. నాకు తెలీదా?"

"తల్లినీ పిల్లనీ ఒక్కరోజే కోయకూడదని ఆజ్ఞ ఉంది. రేపు రా."

"మొక్కు ఇవాళ్టికి కదయ్యా! మాట తప్పానని మా ఆయనకు మళ్లీ జ్వరం తిరగబెడితే?"

వెనక నిలబడ్డ ముసలామె విసుక్కుంది. "నోరు మూసుకునుంటే పోయేది కదే, పిచ్చి మొహమా!"

యాకీను నుదురు రుద్దుకున్నాడు. "మొక్కు తీర్చమన్నదీ దేవుడే, ఇది వద్దన్నదీ ఆయనే. ఏది ముందో నాకూ తెలీదు తల్లీ. ఆ అరుపు వింటూ మాత్రం నా చెయ్యి ఆడదు."

మర్నాడు తోళ్లు తీసేశాక పిల్లను కోశారు. అది అరవలేదు. హోగ్లా తన వంతు మాంసం వండించి మూటగట్టుకుని ఇల్లు చేరింది.

జిమ్రాను ఆకలి మీద ఉన్నాడు. నములుతూనే అంతా విన్నాడు.

"ఎట్లాగూ చచ్చిందిగా. ఒక్కరోజు ఆగితే దానికేం ఒరిగింది?"

"ఏమో."

"మరి దేవుడు ఏమనుకున్నట్టు?"

"ఏమో, నాకేం తెలుసు!" అంటూ హోగ్లా అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగానే ఉంది. అయినా చెయ్యి తీయబుద్ధి కాలేదు.