వేలెడు పళ్ళ దువ్వెన

నేను ఒక దువ్వెనను. మీ ఇంటి అద్దం ముందు పడి ఉండే రకాన్ని కాదు. నా పళ్ళు వేలెడు పొడవు. రెండు పళ్ళ సందులో చంటిపిల్ల వేలు సులువుగా దూరుతుంది. నన్ను మీ తలలో పెడితే వాగులో పాతిన గుంజల్లా ఊరికే నిలబడతాను, నీళ్ళు దాటిపోతాయి. నేను పుట్టింది వేరే తలల కోసం.

హైదరాబాదులో సిద్దీలని ఉన్నారు. ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి నవాబుల గుర్రపు దళంలో చేరినవాళ్ళ సంతతి. వాళ్ళ జుట్టు ఉంగరాల మీద ఉంగరాలు, తొలకరి మబ్బంత దట్టం. ఆ వాడలో వడ్రంగం చేసే ఒకాయన మంచం కోళ్ళకు పోగా మిగిలిన ఇరుగుడు చెక్కతో నన్ను చెక్కాడు, కూతురు మస్తూరా కోసం. కారణం లేకపోలేదు. బడిలో పంతులమ్మ "దువ్వెన దిగని తల నాకొద్దు" అని పిల్లలందరి ముందూ మస్తూరాకు గుండు చేయించింది. జుట్టు మళ్ళీ మొలిచేదాకా ఆ పిల్ల తల మీది గుడ్డ తియ్యలేదు.

ఆ తర్వాత నా బతుకంతా నూనెలో నానింది. మస్తూరా పెద్దదైంది, ముసలిదైంది, మతిమరుపు పట్టింది. పొయ్యి మీది గిన్నెను మరిచింది, మొగుడు పోయిన సంగతి మరిచింది. గుండును మాత్రం మరవలేదు.

ఆమె పెంచుకున్న చెల్లెలి కూతురు రైహానా బస్సు కండక్టరు; పెద్దమ్మను ఖాలా అని పిలుస్తుంది. పగలంతా ఇంట్లో ఉండి చూసుకోలేక, ముసలివాళ్ళను చూసే చోటు కోసం ఊరంతా తిరిగింది. ఒకచోట ఫోనులో రమ్మన్నవాళ్ళే ముఖం చూశాక మంచం ఖాళీ లేదన్నారు. మనుషుల మంచాలు అంత చప్పున ఎలా నిండుతాయో దువ్వెనకేం తెలుస్తుంది! చివరికి ఊరి చివర ఒక ఆశ్రమం దొరికింది.

అక్కడి ఆయా బాలనర్సమ్మ చెడ్డ మనిషి కాదు. ముద్దలు కలిపి తినిపిస్తుంది. కాకపోతే నన్ను చూసి వీపు గోక్కునే కర్ర అనుకుంది. గోక్కుంది కూడా. మస్తూరా తలలోకి మాత్రం పేల దువ్వెన దించి లాగింది. మాడు చీరుకుపోయింది, ఆ దువ్వెన పళ్ళు రాలిపోయాయి.

"గీ ఎంటికలు ఎవ్వల్తోని దువ్వనైతదవ్వా? గుండు కొట్టిస్త, సల్లగుంటది. మేము దేవుని గుట్ట దాంక పోయి మొక్కు చెల్లించొస్తం. నీకు ఇంటికాడికే వస్తున్నది!"

ఆమెకు గుండంటే దేవుడికిచ్చే కానుక. ఈమెకు గుండంటే ఆ బడి. ఆ తేడా చెప్పడానికి నాకు పళ్ళున్నాయి గాని నోరు లేదు. బాలనర్సమ్మ ఆ శుభవార్త రైహానాకు ఫోనులో సంబరంగా చెప్పి, నన్ను బొడ్లో దోపుకుంది. అక్కడి నుంచే అంతా చూశాను.

క్షవరం చేసే అతను వచ్చాడు. మిషను గుర్రుమంది. మస్తూరా మంచం మూలకు ముడుచుకుపోయింది. ముడతల ముఖంలో బడిపిల్ల కళ్ళు.

"పంతులమ్మా, రేపు నూనె పెట్టుకొస్త! కొయ్యకు! అమ్మీ కొడ్తది!"

బాలనర్సమ్మ ఆమె చేతులు గట్టిగా పట్టుకుంది, కోపంతో కాదు, కదిలితే తెగుతుందని. మిషను నుదుటి నుంచి నడినెత్తి దాకా ఒక చాలు తీసింది. తెల్లని ఉంగరాలు ఒళ్ళో రాలాయి. నేను చెక్కనే, అయినా వణికాను.

"ఆపుండ్రి!" రైహానా ఆయాసపడుతూ లోపలికొచ్చింది. "మా ఖాలా ఏమన్న గొర్రెనా, ఉన్ని తీస్తున్రు?"

"మంచికే గద పిల్లా! దువ్వెన దిగుతలేదాయె."

"దిగే దువ్వెన నీ బొడ్లనే ఉన్నది!"

రైహానా తల తడిపి, నూనె రాసి, కొసల నుంచి పైకి నన్ను నడిపించింది. బాలనర్సమ్మ నోరు తెరిచి చూసింది. తర్వాత తనే చెయ్యి చాపింది.

"పంతులమ్మ పోయిందా?" అంది మస్తూరా.

"పోయింది బిడ్డా. నేనే ఎల్లగొట్టిన," అంది బాలనర్సమ్మ, నన్ను అందుకుంటూ.

ఇక సుఖమే అనుకుంటారు మీరు. దువ్వెనలకు అంత ధైర్యం ఉండదు. నేర్చుకున్నది ఒక్క బాలనర్సమ్మ చెయ్యి, ఆశ్రమం కాదు. ఈ పొద్దున ఆమె ఊరికి పోయింది. కొత్త ఆయా వచ్చింది, చేతిలో పేల దువ్వెన. మస్తూరా పిడికిట్లో నేను చెమటతో తడిసిపోయాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నన్నే ముందుకు చాపింది.

"గిది... కొసల నుంచి..."

కొత్త పిల్ల నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. పేల దువ్వెన పక్కన పెట్టింది.

"నొస్తే చెప్పవ్వా."

ఈ ఆశ్రమంలో ఆ మాట నేను వినడం ఇదే మొదలు. నూనె పడింది. కొసల్లోకి దిగాను. చిక్కు తగిలింది. మస్తూరా ఊపిరి బిగబట్టింది, నేనూ బిగబట్టాను.

ఆ చెయ్యి లాగలేదు, ఆగింది.