అద్దె గొంతు

ఆ ఇంట్లో పొద్దున్నే టీవీ పెట్టేది అత్తగారు. సీరియల్ కోసం కాదు, వార్తల కోసమూ కాదు, లోకల్ కేబుల్లో వచ్చే మున్సిపల్ కౌన్సిల్ సమావేశం కోసం. ఎందుకంటే ఆవిడ కోడలు కౌన్సిలర్. కెమెరా ఎప్పుడో ఒకసారి అటు తిరిగి, వెనక వరసలో కోడలి ముఖం ఒక్క క్షణం కనిపించిందంటే చాలు, ఆ రోజు కాఫీలో పంచదార లేకపోయినా ఆవిడకి తియ్యగానే ఉంటుంది.

ఆ రోజు కెమెరా కొంచెం ఎక్కువసేపే అటు తిరిగింది. చైర్మన్ గారు ఏదో తీర్మానం గబగబా చదివేశారు. "అంగీకరించేవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. అందరితోపాటు కోడలూ ఎత్తింది.

"ఒరేయ్, మీ ఆవిడ చెయ్యెత్తిందిరా," అంది అత్తగారు.

కొడుకు వెనక నిలబడి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఫైర్ స్టేషన్లో అతను డ్రైవరు. "ఎత్తనీ అమ్మా. మా స్టేషన్ కోసమే," అన్నాడు తల తిప్పకుండా.

"స్టేషన్ కోసం మెత్తమాటని పెట్టుకుంటారా?"

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. "ఎవర్నీ?"

"వాణ్ణే. ఇప్పుడేగా చదివారు. నా చెవులు ఇంకా బాగానే ఉన్నాయి."

ఈ మెత్తమాట ఎవరో చెప్పకపోతే మీకు నవ్వూ రాదు, కోపమూ రాదు, కాబట్టి ముందు ఆ సంగతి చెప్పేస్తాను. ఊరిని పాలించేది గొడుగు గుర్తు పార్టీ. రాజధానిలో ప్రభుత్వం తాళం గుర్తు పార్టీది. ఈ రెండింటికీ క్షణం పడదు. మున్సిపల్ ఎన్నికలప్పుడు గొడుగు పార్టీ వాళ్ళు వీధివీధీ తిరిగి ఒకటే మాట చెప్పారు: తాళం పార్టీ అంటే దళారీల పార్టీ, జనానికీ ప్రభుత్వానికీ మధ్య బ్రోకర్లని కూర్చోబెట్టే పార్టీ, మమ్మల్ని గెలిపించండి, ఒక్క బ్రోకర్ని కూడా ఊళ్ళో అడుగు పెట్టనివ్వం. ఆ బ్రోకర్లకి నమూనాగా వేలెత్తి చూపించింది మెత్తమాటనే. ఒకప్పుడు అతను తాళం పార్టీ అధికార ప్రతినిధి. టీవీలో ఎదుటివాణ్ణి తిట్టినా వెన్న రాసి తిట్టేవాడు, అందుకే ఆ పేరు. తన పార్టీ అధికారంలోకి రాగానే ఒక సంస్థ పెట్టాడు. దాని పని ఏమిటంటే, ఒక ప్రభుత్వం దగ్గర ఫీజు పుచ్చుకుని ఇంకో ప్రభుత్వం దగ్గర పైరవీ చెయ్యడం. అవును, మీరు సరిగ్గానే చదివారు. జనం పన్నులతో నడిచే ఆఫీసు, జనం పన్నులతోనే నడిచే ఇంకో ఆఫీసుతో మాట్లాడటానికి, మధ్యలో ఇతనికి జనం పన్నుల్లోంచే ఫీజు.

ఇతని మీద మైకు పట్టుకుని గొంతు చించుకుని అరిచినవాళ్ళలో మన కోడలు ముందుంది. ఇప్పుడు ఇతన్నే పెట్టుకుందామంటే చెయ్యెత్తినవాళ్ళలోనూ ఉంది.

మరి ఎందుకెత్తింది? చిన్న ఊళ్ళలో ఫైర్ స్టేషన్లు దండగని, వాటిని మూసేసి పక్కనున్న పెద్ద ఊరి స్టేషన్లో కలిపేస్తామని రాజధాని ప్రకటించింది. ఆ పెద్ద ఊరు రైల్వే గేటుకి అవతల ఉంది. ఇక్కడ ఇల్లు అంటుకుంటే ఫైరింజను ఆ గేటు దాటి రావాలి. అదీ ఆమె భయం. అందుకే, మెత్తమాట అయితేనే దాన్ని ఆపించగలడని చైర్మన్ గారు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేసరికి, ఇష్టం లేకపోయినా సరేనంది.

సాయంత్రం కోడలు ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుండగానే అత్తగారు మొదలెట్టింది.

"ఏమ్మా, చెయ్యి నొప్పిగా ఉందా? పొద్దున చాలాసేపు ఎత్తావు."

"అత్తయ్యా, మీరు మొదలెట్టకండి."

"నేనెక్కడ మొదలెట్టానమ్మా. వాణ్ణి తిట్టీ తిట్టీ నీ గొంతు పోతే వేణ్ణీళ్ళు కాచిచ్చింది నేనే. కాస్త ఆ గ్యాసు ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలో చెప్పు, చాలు."

"రాజధానిలో ఉన్నది వాళ్ళ ప్రభుత్వం. వాళ్ళ మనిషి చెబితేనే తలుపు తీస్తారట. మనం వెళ్తే గుమ్మంలోంచే పంపించేస్తారట."

"ఎవరు చెప్పారు?"

"చైర్మన్ గారు."

"ఆయన ఎప్పుడైనా వెళ్ళాడా?"

నిజానికి ఆ ప్రశ్న కోడలు కూడా ఆయన్ని అడగలేదు.

"వాడు మాట్లాడితేనే పనవుతుందంటే మీ అందరికీ ఓట్లెందుకే?" అంది అత్తగారు. "వాణ్ణొక్కణ్ణే గెలిపించేసేవాళ్ళం. ఇన్ని కుర్చీలు, ఇన్ని జీతాలు మిగిలేవి."

కొడుక్కి నవ్వాగలేదు. భార్య చూసిన చూపుకి పొలమారినట్టు దగ్గి సర్దుకున్నాడు.

అప్పుడే చైర్మన్ గారి ఫోను. మెత్తమాట పని మొదలెట్టేశాడట. అతను పెట్టిన షరతు ఒక్కటే. ఊళ్ళో ఎవరూ నోరు విప్పకూడదు. ధర్నాలు వద్దు, ఊరేగింపులు వద్దు, పేపర్లో ఒక్క ముక్క రాకూడదు. అంతా గుట్టుగా జరగాలి. "మీ ఆయన అక్కడే కదమ్మా ఉద్యోగం. ఆ కుర్రాళ్ళకి మీరు చెబితే బావుంటుంది," అన్నారాయన.

మర్నాడు ఆ కబురు చెప్పడానికే ఆమె ఫైర్ స్టేషన్‌కి వెళ్ళింది. వెళ్ళేసరికి డ్యూటీ మారుతోంది.

ఫైర్ స్టేషన్లో డ్యూటీ మారేటప్పుడు ఒక పద్ధతుంది. దిగే డ్రైవరూ, ఎక్కే డ్రైవరూ బండి పక్కన ఎదురెదురుగా నిలబడాలి. ట్యాంకులో నీళ్ళెంత ఉన్నాయి, బ్రేకు ఎలా పడుతోంది, ఏ పైపు కారుతోంది, ఊళ్ళో ఏ రోడ్డు తవ్వేసి ఉంది, అన్నీ దిగేవాడు నోటితో చెప్పాలి, ఎక్కేవాడు మళ్ళీ తన నోటితో అనాలి. అప్పుడే తాళంచెవి చేతులు మారుతుంది. ఆ రోజు దిగాల్సిన డ్రైవరు ఏదో తొందర పనుండి, విషయాలన్నీ గేటు దగ్గర వాచ్‌మన్‌కి చెప్పేసి స్కూటర్ తీస్తున్నాడు. వాచ్‌మన్ పాపం అన్నీ అప్పజెప్పినట్టు గడగడా చెబుతున్నాడు. మన డ్రైవరు మాత్రం తాళంచెవి ముట్టుకోలేదు.

"ఒరేయ్ బావా, వెనక్కి రా," అని కేకేశాడు.

"చెప్పించాను కదరా."

"చెప్పించడం కాదు, చెప్పు."

ఆ బావ గొణుక్కుంటూ స్కూటర్ స్టాండు వేసి వచ్చాడు. కోడలు భర్తని పక్కకి పిలిచింది. "అంత పట్టుదలేంటండీ? వాచ్‌మన్ అన్నీ చక్కగానే చెప్పాడుగా."

"వాడు మంచివాడేనోయ్. కానీ బ్రేకు పడకపోతే బండిలో ఉండేది వాడు కాదు కదా. తేడా వస్తే ఎవరి నెత్తి మీదికి వస్తుందో వాళ్ళే అడిగి తెలుసుకోవాలి. తెలిసినవాడే చెప్పాలి. మధ్యలోవాడికి ఏం పోతుంది, చెప్పేసి ఇంటికెళ్ళి పడుకుంటాడు."

అతను అన్నది బండి గురించే. మెత్తమాట సంగతి అతని మనసులోనే లేదు. కానీ కోడలు అక్కడే, పైపులు ఆరేసిన నీడలో, ఎవరో భుజం పట్టి కుదిపినట్టు నిలబడిపోయింది. ఈ స్టేషన్ పోతే మెత్తమాటకి ఏం పోతుంది? అతని ఇల్లు ఈ ఊళ్ళో లేదు. పిల్లలు ఈ ఊళ్ళో లేరు. చివరికి అతనికి ఈ ఊళ్ళో ఒక ఓటు కూడా లేదు. చెప్పొచ్చిన కబురు చెప్పకుండానే ఆమె ఇంటికి తిరిగొచ్చేసింది.

"అత్తయ్యా, అగ్నిమాపక శాఖ కార్యదర్శి వారానికోసారి పొద్దునపూట ఎవరొచ్చినా కలుస్తారట. గవర్నమెంటు వెబ్‌సైట్లోనే ఉంది. నేను వెళ్తున్నాను."

"నేనూ వస్తా."

"నాకు తోడు అక్కర్లేదు అత్తయ్యా."

"నీకు తోడెవరొస్తున్నారు? నా పన్ను ఎటు పోతోందో చూసొస్తా."

అలా అత్తాకోడళ్ళిద్దరూ తొలి బస్సెక్కి రాజధానికి వెళ్ళారు. కార్యదర్శి ఆఫీసు బయట సందర్శకుల హాలు, వరసగా కుర్చీలు. ఆ కుర్చీలు కొన్నప్పుడు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా అలాగే ఉన్నాయి. అత్తగారు కూర్చోగానే కవరు కిర్రుమంది. బల్ల దగ్గర అటెండరు ఉలిక్కిపడి లేచాడు.

"ఎవరి తరఫునండీ?"

"మా తరఫునే," అంది కోడలు.

"అదే, ఏ సంస్థ?"

"ఏ సంస్థా లేదు. ఊరు. నేను అక్కడ కౌన్సిలర్ని."

"సంస్థ లేకుండా ఎవరూ రారమ్మా ఇక్కడికి," అన్నాడతను. మర్యాదగానే అన్నాడు, నిజంగానే ఏం చెయ్యాలో పాలుపోక. లోపలికెళ్ళి అడిగొచ్చి, ఆశ్చర్యం దాచుకోకుండా, "రమ్మంటున్నారు," అన్నాడు.

చూశారా, ఆ తలుపుకి తాళమే లేదు. ఇన్నాళ్ళూ ఎవరూ తోసి చూడలేదంతే.

లోపల కార్యదర్శి, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకున్న నడివయసు మనిషి. బల్లకి ఆవిడ వైపునే, ఆవిడ పక్క కుర్చీలో, మెత్తమాట.

అతను ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే వెన్న తీశాడు. "అయ్యో, మీరెందుకు శ్రమపడ్డారమ్మా, నేనున్నానుగా." ఆ మాటంటూనే లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి కోడలి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

కార్యదర్శి కళ్ళజోడు కిందికి దించింది. "మీరటు వెళ్ళారేంటండీ?"

"వీళ్ళ మున్సిపాలిటీ మా క్లయింటేనండీ."

"మరి మేం పెట్టుకున్నది? ఊళ్ళవాళ్ళ అభిప్రాయాలు మాకు చెప్పడానికి మిమ్మల్ని మేం కదా పెట్టుకున్నాం."

"అదీ నేనేనండీ," అన్నాడు మెత్తమాట, ఇందులో వింతేముందన్నట్టు.

అత్తగారు అతని వైపు తిరిగింది. "అయితే బాబూ, నువ్వు నీతోనే మాట్లాడుకుని ఇద్దరి దగ్గరా ఫీజు తీసుకుంటున్నావన్నమాట. బావుంది నాయనా. అద్దం ముందు కూర్చుని చేసుకునే ఉద్యోగం, ఎండ కూడా తగలదు."

కార్యదర్శి నవ్వు ఆపుకోవడానికి ఫైలు తిరగేసింది. తర్వాత కోడల్ని సూటిగా అడిగింది. "మీ ఊరికి అభ్యంతరం లేదని ఈయన మాకు చెప్పారు. ఎక్కడా చిన్న చప్పుడు కూడా లేదు కదా, అదే రుజువన్నారు."

"చప్పుడు చెయ్యొద్దని మాకు చెప్పిందీ ఆయనేనండీ."

కార్యదర్శి అతని వైపు తిరిగింది. మెత్తమాట గొంతు సవరించుకున్నాడు. "ఇందులో తప్పేముందండీ? రెండు వైపులా గొడవ లేకుండా చూడటమే కదా నా పని." అతను అబద్ధం చెప్పలేదు. నిజంగా అతని పని అదే. ఊరికి స్టేషన్ ఉంటుందా ఊడుతుందా అన్నది అతని పనిలో భాగం కాదు, అంతే.

కోడలు రైల్వే గేటు గురించి చెప్పింది. కార్యదర్శి గోడ మీది మ్యాపు చూసింది. మ్యాపులో రైలు పట్టాలున్నాయి కానీ, గేటు ఎంతసేపు మూసి ఉంటుందో ఏ మ్యాపులో ఉంటుంది?

"గేటు పడితే బాగా ఆలస్యమవుతుందా?"

"గూడ్సు బండి అయితే నేను బస్సు దిగి కూరగాయలు బేరమాడి కొనుక్కొచ్చేస్తాను తల్లీ. చిల్లర కూడా తెచ్చుకుంటాను," అంది అత్తగారు.

కార్యదర్శి ఈసారి నవ్వు దాచుకోలేదు. "నేనే వచ్చి చూస్తాను. అప్పటిదాకా మూసివేత ఆపిస్తాను," అంది.

మాట ఇచ్చినట్టే వచ్చింది. పెద్ద ఊరి ఫైరింజనులో తనే ఎక్కి కూర్చుని, ఎక్కడో ఇల్లు అంటుకున్నట్టే గంట కొట్టుకుంటూ బయల్దేరమంది. గేటు పడింది. గూడ్సు బండి తీరిగ్గా పోయింది. అది పోయాక ఎదురు బండి కోసమని గేటు ఎత్తలేదు. ఆవిడ ఫైరింజనులోంచి దిగి, పట్టాల పక్కన ఎండలో నిలబడి, "మీ స్టేషన్ ఎక్కడికీ పోదు," అంది. కొత్త ఇంజను మాత్రం ఇవ్వలేనంది, పాతదాంతోనే నెట్టుకురమ్మంది. డ్రైవర్లు దానికే పండగ చేసుకున్నారు.

చైర్మన్ గారు ఊరుకుంటారా? ఆ సాయంత్రమే కెమెరా ముందు నిలబడి, "దళారీలు లేకుండా పని చెయ్యడం మా పార్టీ సిద్ధాంతం" అన్నారు, రెప్ప వెయ్యకుండా. అక్కడ రాజధానిలో తాళం పార్టీ మంత్రి గారు కూడా సరిగ్గా అదే ముక్క అన్నారు. రెండు పార్టీలకీ ఏకాభిప్రాయం కుదిరిన మొదటి విషయం ఇదే కాబోలు. ఏదైతేనేం, అలా అనేశాక మెత్తమాటని ఉంచుకోవడం ఎవరికీ కుదరలేదు. అక్కడా తీసేశారు, ఇక్కడా తీసేశారు.

ఆదివారం ఫైర్ స్టేషన్ షెడ్డులో వార్డు జనం అంతా చేరారు. కుర్చీలు చాలక కొందరు ఫైరింజను మెట్ల మీదే కూర్చున్నారు. టైలరు ఒకాయన లేచి, కోడలికి దండం పెట్టబోయి, "మీరు లేకపోతే ఏమైపోయేవాళ్ళమమ్మా" అన్నాడు.

"బాబాయ్, దండాలు వద్దు," అంది కోడలు. "ఆ మనిషిని పెట్టుకోవడానికి ఒప్పుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. భయపడి ఒప్పుకున్నాను. అవతలి పార్టీ చేస్తే తప్పని మైకులో అరిచి, మన పార్టీ చేస్తే అవసరమని సర్దుకున్నాను. ఇకమీదట నేనైనా, ఇంకెవరైనా, 'మన పని మనవాళ్ళకంటే వాళ్ళ మనిషైతే బాగా చేస్తాడు' అని చెబితే, 'మరి నిన్నెందుకు పంపాం' అని మొహం మీదే అడగండి. మన మాట చెప్పడానికి మీరు మమ్మల్ని ఎన్నుకున్నారు. ఆ మాట చెప్పడానికి మేం ఇంకొకడి గొంతు అద్దెకి తెస్తే, అది ఆ క్షణం నుంచీ ఊరి మాట కాదు, అద్దె పుచ్చుకున్నవాడి మాట."