మైనం మరక, నైలాన్ మేజోళ్ళు

ఆటగాళ్ళ బొమ్మలుండే పాత బేస్‌బాల్ కార్డులు అమ్ముకుని బతుకుతున్నాను కాబట్టి పిచ్చివాళ్ళను చూడడం నాకు కొత్త కాదు. మా ఓహాయో ఊళ్ళో ఈ కార్డుల పిచ్చివాళ్ళందరికీ పెద్ద డెల్మర్ హక్‌స్టెప్. కార్డు మీద వేలిముద్ర వేశాడని సొంత తమ్ముడితోనే మాటలు మానేసిన మనిషి.

అతని దగ్గర 1953 నాటి కార్డు ఒకటుంది. నాలుగు మూలలూ కత్తుల్లా ఉంటాయి. లోపమల్లా ఒక్కటే. ఆ రోజుల్లో ఈ కార్డులూ చూయింగ్ గమ్మూ కలిపిన పొట్లాలు మైనం కాగితంతో కట్టేవారు. ఆ మైనం కరిగి ఆటగాడి బుగ్గకు అంటుకుంది. గ్రేడింగ్ వాళ్ళు భూతద్దం పెట్టి పదికి మార్కులేస్తారు, ధర వాటినిబట్టే. మరకతో పంపితే ఐదు, మరక పోతే ఏడు. ఆ రెండు మార్కుల తేడాతో కొత్త కారు కొనుక్కోవచ్చు.

మైనానికి మందు మా కార్డులవాళ్ళందరికీ తెలుసు. ఆడవాళ్ళ నైలాన్ మేజోడుతో మెల్లగా రుద్దాలి. డెల్మర్ భార్య పోయి చాలా కాలమైంది, ఇంట్లో మేజోళ్ళెక్కడివి? మేజోళ్ళు కూడా అమ్మే మందుల షాపుకెళ్ళి మూడు జతలు కొన్నాడు. అక్కడ బిల్లు వేసే ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆదివారం ప్రార్థన ముగిసేసరికి డెల్మర్ ఎవరినో తగులుకున్నాడని ఊరంతా పాకింది.

అసలు చిక్కు బెర్నదీన్‌తో వచ్చింది. ఆవిడా భర్త పోయిన మనిషే. చర్చిలో శుక్రవారం చేపల విందుకి తనతో రమ్మని డెల్మర్ నెలల తరబడి బతిమాలితే ఈమధ్యే సరేనంది. మేజోళ్ళ కబురు చెవిన పడగానే గురువారం నేరుగా నా కొట్టుకే వచ్చింది. డెల్మర్ నా పక్కనే కూర్చుని కార్డు రుద్దుతున్నాడు.

"మూడు జతలట. పెద్ద సైజట. ఎవరండీ ఆ మహాతల్లి?"

"ఎవరూ లేరండీ. కార్డు కోసం."

"కార్డుకి మేజోళ్ళు తొడుగుతారా?"

"రుద్దడానికండీ. పెద్ద సైజైతే అదే రేటుకి గుడ్డ ఎక్కువొస్తుందని..."

"అబద్ధమాడినా అతికినట్టుండాలి. రస్, నువ్వు చెప్పు."

"నిజమేనమ్మా," అన్నాను.

"దొంగకి దొంగ సాక్ష్యం. నేను రేపు రావట్లేదు."

డెల్మర్ మొహం పాలిపోయింది. కవరైనా లేకుండా కార్డు తీసి ఆవిడ చేతికిచ్చేశాడు.

"మీరే చూడండి. ఈ పక్క బుగ్గ శుభ్రపడింది, ఆ పక్కింకా జిడ్డుంది."

ఆవిడ కార్డును వెలుతురుకి వంచి చూసింది. మేజోడు వాసన చూసింది. ఉన్నట్టుండి పకపకా నవ్వి, "ఓరి పిచ్చి మనిషీ!" అంటూ ఆ కార్డుతోనే డెల్మర్ భుజం మీద ఒక్కటేసింది.

కార్డు నడుం దగ్గర మడతపడింది. ఏడు కాస్తా రెండైపోయింది. గ్రేడింగ్‌లో ఏ మరకనైనా క్షమిస్తారు గానీ మడతను క్షమించరు.

"అయ్యో, పాడైందా? ఎంతుంటుంది ఇది?" అందావిడ.

నేను నోరు తెరిచాను. బల్ల కింద డెల్మర్ నా కాలు తొక్కాడు.

"పది డాలర్లండీ," అన్నాడు.

ఆవిడ సంచిలోంచి పది తీసి అతని చేతిలో పెట్టింది. "నా తప్పుకి నేనే కడతాను. రేపు ఆరింటికి రండి."

డెల్మర్ ఆ నోటు జేబులో పెట్టుకుని, కారు దాకా దిగబెడతానంటూ ఆవిడ వెనకే వెళ్ళిపోయాడు. కార్డు బల్ల మీదే మర్చిపోయాడు. దాన్ని ముందు పెట్టుకుని ఏడ్చింది నేనొక్కణ్ణే.