పాత కొలత

కరీమున్ ఒళ్లోని గుడ్డకు మెడ దగ్గర కుట్టు మూడోసారి విప్పింది. కుట్టు బాగానే ఉంది, కుదురు లేనిది చేతికే. బ్రాడీపేటలో బాషా టైలరు దుకాణం వరండాలో ముప్పై ఏళ్లుగా హుక్కులూ కాజాలూ కుట్టే మనిషి. ఇన్నేళ్లలో ఆమె పేరు అడిగినవాళ్లు లేరు.

ఒళ్లో ఉన్నది ముడి బాడీ. హుక్కూ రబ్బరూ లేకుండా ముందు ముడేసుకునే పాతకాలపు లోపలి రవిక. పక్కవీధి వెంకాయమ్మ పెళ్లయిన నాటి నుంచీ అదే తొడిగింది. ఇప్పుడు కుట్టేవాళ్లు లేరు, కొన్నవాటి రబ్బరు ఎనభై ఎనిమిదేళ్ల ఒంటిని కోసేస్తోంది. మంచం పట్టాక ఆవిడది ఒకటే గొడవ: చేత్తో కుట్టిన బాడీ ఒక్కటి తొడుక్కుని హాయిగా ఊపిరి పీల్చుకోవాలని. కరీమున్ తల్లి ఏనాడో ఆవిడ కొలతకు కత్తిరించిన పేపరు ట్రంకుపెట్టెలో దొరికింది. దాన్నే మల్లుగుడ్డ మీద పరిచి కత్తెర వేసేసింది.

ఓసారి టేపు పెట్టి చూడమని బాషా చెప్పకపోలేదు. మంచాన ఉన్న మనిషిని కొలవడమంటే కరీమున్ దృష్టిలో శవానికి చుట్టే కఫన్ గుడ్డకు కొలిచినట్టే. ఆ పాపం తన చేతికెందుకు?

మధ్యాహ్నం మిరపఘాటుకు తుమ్ముకుంటూ ఎండలో పరుగులాంటి నడకతో వెంకాయమ్మ ఇంటికి వెళ్లింది. కోడలు సౌజన్య ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టింది. బాడీ తొడిగి ముడేశాక అటో పిడికెడు, ఇటో పిడికెడు గుడ్డ మిగిలింది. కరీమున్‌కు సిగ్గుతో చెమటలు పోశాయి.

వెంకాయమ్మ ఆ వదులంతా తడుముకుంది.

"ఇంత మనిషినటే నేను? మిగతాది ఎటు పోయిందే కరీమున్?"

"ఇటివ్వండి పెద్దమ్మగారూ, సాయంత్రానికి పక్కలు కుట్టి తెస్తా."

"ఉండనీవే. ఇప్పుడేగా తొడిగావు."

దుకాణంలో సూది రెండుసార్లు వేలికి దిగింది. తెచ్చిన టీ చల్లారిపోయింది. తన భయం కోసం ఆవిణ్ణి ఆ వదులు గుడ్డలో వదిలేసి వచ్చానే అని మనసు పీకుతూనే ఉంది. అయిదు కాగానే బాషా మెడలోని టేపు అడిగి తీసుకుని బయల్దేరింది.

వెంకాయమ్మ గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి. నాలుగింటప్పుడు కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందని సౌజన్య చెప్పింది. కరీమున్ టేపును కొంగులో దాచేసుకుని ఏడ్చింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆవిడే బాడీ విప్పించుకుని సూదీ దారం అడిగిందట. సౌజన్య దాన్ని తెచ్చి కరీమున్ చేతిలో పెట్టింది. తెల్ల మల్లు మీద ఒక పక్కంతా నల్లదారంతో వంకర కుట్లు. రెండో పక్క మూడో కుట్టు దగ్గర సూది గుచ్చినట్టే ఉంది.