గడువు దాటిన ఎర్రకళ్లు

ఉదయం పదిన్నరకు, కంట్లో పెట్టుకునే ఎర్ర లెన్సుల జతకు గడువు దాటిపోయిన సంగతి బయటపడింది. బయటపెట్టింది కళ్లద్దాల దుకాణం వెనక గదిలో సరుకు చూసే మనిషి. దుకాణంలో అందరూ ఆయన్ని డేటు మామయ్య అంటారు. ఆయన పెట్టెను కిటికీకేసి తిప్పి అంకెలు చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. అంకెలు మారలేదు. పెట్టెను ఎడమవైపు ట్రేలో పెట్టాడు. ఆ ట్రేలోకి వెళ్లింది ఏదీ బతికి బట్టకట్టదు.

నెలకోసారి బీరువా దులపడం ఆయన పని. గడువు దాటిన లెన్సు దొరికితే పైన రేకు పీకుతాడు. అందులో నీళ్లు సింకులో ఒంపుతాడు. లెన్సును పట్టకారుతో ఎత్తి పాత పేపరు మీద పెట్టి రెండు ముక్కలు చేస్తాడు. ముక్కలు పొట్లం కట్టి పొడిచెత్త సంచిలో వేస్తాడు. సింకులో వెయ్యడు. చూడటానికి నీటిబొట్టులాగే ఉన్నా అది నీళ్లలో కరగదు. నలిగి నలిగి కాలవలో పడి, చివరికి ఏ చేప కడుపులోనో తేలుతుంది. లెన్సులు నానబెట్టే సొల్యూషన్ సీసా అయితే కుళాయి తిప్పి ఉంచి, ఆ ధారలో మెల్లగా ఒంపేస్తాడు. తర్వాత సీసా కడిగి, మీది కాగితం గీకి, మెడ కోస్తాడు.

మెడ కోయడానికి కారణం ఉంది. ఒకసారి కోయకుండా పారేసిన సీసాలను పక్క సందులోని సెలూన్ అతను ఏరుకుపోయి, నీళ్లు నింపి, తలల మీద చిమ్మడం మొదలుపెట్టాడు. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ఒకాయన సీసా మీద అక్షరాలు చదివి, "నా జుట్టుకేమన్నా చత్వారం వచ్చిందా?" అని అడిగాడట.

ఇంట్లోనూ ఆయనది ఇదే వరస. మందుబిళ్లలు, గోడకు కొట్టే సున్నం డబ్బా, టార్చిలైటులో బ్యాటరీలు, అన్నిటి మీదా తేదీ వెతుకుతాడు. "ముందు నా మీద ఎక్కడుందో చూసి చెప్పండి, పుట్టింటికి పోతాను" అంటుంది భార్య.

ఈ పట్టింపు పుట్టుకతో వచ్చింది కాదు. కూతురి పెళ్లికి ముందు ఫోటోలు తీసే అతను, కళ్లజోడు మెరుస్తుంది, తీసేస్తే బాగుంటుందన్నాడు. ఆ రోజు ఎడమ ట్రేలో సరిగ్గా ఆయన పవరుకు సరిపోయే జత ఒకటి ఉంది. గడువు దాటి నెల కూడా కాలేదు. పారేయడానికి ప్రాణం ఒప్పక పెళ్లికి అవే పెట్టుకున్నాడు. పెళ్లంతా ఆయనకు సబ్బునురగలోంచి చూసినట్టు కనిపించింది. ఆల్బంలో ప్రతి ఫోటోలోనూ ఏడుస్తున్నాడు. భోజనం చేస్తున్న ఫోటోలోనూ ఏడుస్తున్నాడు. కూతురంటే అంత ప్రాణమని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత నెల రోజులు కంటి డాక్టరు చుట్టూ తిరిగిన సంగతి భార్యకొక్కతికే తెలుసు. "నోరు మూసుకుని ఊరుకోండి. ఇన్నాళ్లకు మీకొక మంచిపేరు వచ్చింది" అందామె.

పదకొండు దాటాక నాటకాల రాక్షసుడు వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఆయన రాక్షసుడి వేషమే వేస్తున్నాడు. ఏటా ఒక ఎర్ర జత కొంటాడు. తయారుచేసేవాళ్లు ఎరుపు మానేశారు కాబట్టి దుకాణం చివరి జతను ఆయన కోసం దాచింది. ఆట అనుకున్న రోజున జరిగి ఉంటే గడువు లోపలే అయిపోయేది. కానీ కథానాయకుడికి గవదబిళ్లలు వచ్చి ఆట రెండు వారాలు వెనక్కి పోయింది. కథానాయకుడు ఆయన అల్లుడే.

"రావాల్సిన టైముకే వచ్చాయండీ వాడికి, దవడలు ఇంతింత లావున," అన్నాడు రాక్షసుడు, కౌంటరు మీద చేతులు ఆనించి. "మామగారిని అందరి ముందూ చంపే అదృష్టం ఏ అల్లుడికుంటుంది చెప్పండి? ఇవాళ సాయంత్రమే. నా కళ్లు ఇలా ఇచ్చెయ్యండి."

"ఇవ్వలేనండి. గడువు దాటింది," అన్నాడు డేటు మామయ్య.

"ఎన్నాళ్లు?"

"పన్నెండు రోజులు."

"పన్నెండు రోజులకే పనికిరాకపోతే, అరవై దాటినవాణ్ణి, నన్నేం చేస్తారు? కత్తిరిస్తారా?"

"మీ మీద తేదీ వెయ్యలేదండి."

కౌంటరు దగ్గరి అమ్మాయి నవ్వాపుకోలేక బల్లకింద ఏదో వెతికింది. రాక్షసుడు మాత్రం నవ్వలేదు. ఇదే ఆఖరి ఆట అన్నాడు. వచ్చే ఏడాదికి మోకాళ్లు ఒప్పుకోవన్నాడు. ముందు వరసలో పిల్లలు తన కళ్లు చూసి తల్లుల ఒళ్లో దూరతారని, ఆ ఒక్కటీ లేకపోతే తాను మీసం అతికించుకున్న ముసలాడినేనని అన్నాడు.

మాటలు విని యజమాని లోపలినుంచి వచ్చాడు. పాత యజమాని కొడుకు. డేటు మామయ్య వేలు పట్టుకుని బడికి వెళ్లినవాడు.

"ఒక్క పూటకే కదా మావయ్యా. మూడు గంటలు పెట్టుకుని తీసేస్తారు. ఇచ్చెయ్యండి."

"మీరు పెట్టుకుంటారా బాబూ?"

"నాకెందుకూ? నేనేమన్నా రాక్షసుణ్ణా?"

అమ్మాయి మళ్లీ బల్లకింద వెతికింది. యజమాని మొహం ఎర్రబడింది.

"చూడండి మావయ్యా. దుకాణం నాది, సరుకు నాది. ఆయన ముప్పై ఏళ్ల ఖాతాదారు. ఇస్తే ఇవ్వండి. లేదంటే రేపటినుంచి మీరు రానక్కర్లేదు."

డేటు మామయ్య వెనక గదిలోకి వెళ్లాడు. ట్రే తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. పేపరు పరిచాడు. రేకు పీకాడు. పట్టకారుతో మొదటి లెన్సు ఎత్తి, కత్తెర ఆనించి నొక్కాడు. తడి లెన్సు తెగలేదు. జారి ఎగిరి యజమాని చొక్కాకు, జేబు పైన, ఎర్ర గుండీలా అతుక్కుంది.

నలుగురూ దాన్నే చూశారు.

"కదలకండి బాబూ," అని డేటు మామయ్య పట్టకారుతో దగ్గరికి వెళ్లాడు. యజమాని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. లెన్సు ఊడి వచ్చింది. ఈసారి కాగితం మడతలో పెట్టి కత్తిరించాడు. రెండోదాన్నీ అలాగే.

రాక్షసుడు ఏడ్చాడు. ముప్పై ఏళ్లు వేదిక మీద నేర్చిన ఏడుపు కాబట్టి వీధిలోకి వినిపించింది. ఇద్దరు కొనుగోలుదారులు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగారు. అమ్మాయి మంచినీళ్లు ఇచ్చింది. ఆయన తాగి, ముక్కు తుడుచుకుని, మళ్లీ ఏడ్చాడు. డేటు మామయ్య ఆగినంతసేపు ఆగి, కళ్లజోళ్లు పెట్టి చూసుకునే అద్దాన్ని ఆయన వైపు తిప్పాడు.

"చూసుకోండి. లెన్సులతో ఇంత ఎరుపు ఎప్పుడన్నా వచ్చిందా?"

రాక్షసుడు చూసుకున్నాడు. తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కింది రెప్ప లాగి చూశాడు. ఒకసారి పళ్లు కొరికాడు. అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది.

"సాయంత్రానికి తగ్గిపోతే?"

"తెరవెనక ఉల్లిపాయ కోసుకోండి. వాడిపోయినదైనా పనిచేస్తుంది."

రాక్షసుడు గుమ్మం దాకా వెళ్లి, అల్లుడికి కూడా చెప్పకూడదు ఈ సంగతి అనుకుంటూ, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

యజమాని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. డేటు మామయ్య ట్రేలో మిగిలిన పని పూర్తిచేశాడు. నాలుగు సీసాలు ఒంపి, కడిగి, మెడలు కోశాడు. సింకు తుడిచాడు. బీరువా తాళం అమ్మాయి చేతిలో పెట్టి, పై అరలో ఏవి ముందు గడువు దాటతాయో వేలు పెట్టి చూపించాడు.

"మీరు రేపు రారా మామయ్యా?"

"రానక్కర్లేదన్నారుగా."

"కోపంలో అన్నార్లెండి."

"కోపమో ఏమో, అన్నారు. పైవరస మర్చిపోకు."

మూడు గంటలకు చెత్తసంచి మూతి బిగించి, చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. వీధి చివర పొడిచెత్త తొట్టిలో వేయడం అమ్మాయి కిటికీలోంచి చూసింది. అక్కడినుంచి ఆయన బస్టాపు వైపు తిరిగాడు.

ఐదు గంటలకు నాటకసమాజం వాళ్లు దుకాణానికి ఒక కవరు పంపారు. పైన 'డేటు మామయ్యగారికి, సతీసమేతంగా' అని రాసి ఉంది. లోపల ముందు వరసకు రెండు పాసులు. యజమాని వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఫోను చేతిలోకి తీసుకున్నాడు. నంబరు కొట్టకుండానే బల్లమీద పెట్టేశాడు.

మర్నాడు ఉదయం అమ్మాయి షట్టరు ఎత్తేసరికి పాసులు రెండూ కౌంటరు మీదే, కవరు పక్కన ఉన్నాయి.